తుప్పు పట్టిన స్టీరింగు షాఫ్టును విప్పుట, మార్చుట

విద్యార్థులారా! తుప్పును గూర్చిన పాఠమును మీరు పదవ తరగతి విజ్ఞానశాస్త్రమున చదువుదురు. మూడు పరీక్షనాళికలలో మూడు ఇనుప మేకులు వేసి, ఒకదానిలో సామాన్యపు నీటిని, ఒకదానిలో కాచి చల్లార్చిన నీటిపై నూనెను, మూడవదానిలో తేమను పీల్చు పదార్థమును ఉంచి చూచు ప్రయోగమును ప్రతి సంవత్సరమును చేయించుచునే ఉన్నాము. గాలియు నీరును రెండును తగిలిన మేకు మాత్రమే తుప్పు పట్టును. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చినచో అందరును సరిగానే వ్రాయుదురు. ఆ మేకునకు పట్టిన తుప్పే ఒక బండి స్టీరింగు కడ్డీకి పట్టినచో ఏమగునో గూళూరులో కన్నులార చూచితిమి. దానినే ఇచట పాఠముగా వ్రాయుచున్నాము.

మన బాగేపల్లి తాలూకాలో పికప్పు బండి లేని ఊరు అరుదు. టమాటా పెట్టెలు చింతామణి మార్కెట్టునకు గాని, కోలారునకు గాని, సరిహద్దు దాటి మదనపల్లెకు గాని పోవుట దానిమీదనే. శిడ్లఘట్టకు పట్టుగూళ్ళు పోవుట, పశువులకు మేత వచ్చుట, పెండ్లి సామాను కదలుట, అన్నియు దానిమీదనే. కూలిపనికి పోవు స్త్రీలును దానిలోనే నిలుచుండి పోవుచుందురు. సరకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధమని మేము చెప్పుచునే ఉన్నాము. వారు ఎక్కుచునే ఉన్నారు. మా పిల్లలలో అనేకుల తల్లులు అట్లు పోయి సాయంకాలమునకు తిరిగివచ్చువారే. కావున పికప్పు బండి స్టీరింగు మా పాఠశాలకు సంబంధము లేని సంగతి యని మేము అనుకొనలేదు.

గూళూరున రోడ్డు ప్రక్కనే ఒక చిన్న మరమ్మతు షెడ్డు కలదు. దానిని నడుపువాడు మా పూర్వవిద్యార్థి. లెక్కలలో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు. నేడు కోణములను గూర్చి మాకే చెప్పగలవాడు. ఒక శనివారము పూటబడి ముగిసిన తరువాత పండ్రెండుగురు పిల్లలను వెంటబెట్టుకొని అచటికి పోయితిమి. యంత్రభాగములను చూపించుటయే మా ఉద్దేశము. అప్పుడే ఒక పికప్పు బండి వచ్చి నిలిచెను. దాని యజమాని మమ్ము చూచి నమస్కరించి, తన బాధ చెప్పుకొనెను.

"స్టీరింగు శానా గట్టిగుంది అయ్యవారూ. ఒకచోట తేలిగ్గా తిరుగుతాది, ఇంకొకచోట పట్టుకుంటాది. చేతులు పీకుతాండాయి."

మెకానిక్కు ఆ మాట విని, "అన్నా, ఒక చుట్టులో ఎన్నిసార్లు పట్టుకుంటాది?" అని అడిగెను. యజమాని ఆలోచించి రెండుసార్లనెను. ఆ ఒక్క సమాధానముతోనే దోషము ఎచటనున్నదో అతనికి సగము తెలిసిపోయెను. అది ఎట్లో తెలియవలెనన్న ముందు స్టీరింగు ఏర్పాటును తెలిసికొనవలెను.

స్టీరింగు చక్రమును త్రిప్పినచో ముందరి చక్రములు తిరుగునని అందరకును తెలియును. నడుమ ఏమున్నదో చాలమందికి తెలియదు. చక్రము క్రింద ఒక స్తంభమును, దాని లోపల ఒక కడ్డీయు ఉండును. ఆ కడ్డీ డ్రైవరు కాళ్ళవద్ద రేకు గోడను దాటి ఇంజను వైపునకు వచ్చును. అచటినుండి స్టీరింగు పెట్టెవరకు మరియొక కడ్డీ ఉండును. పెట్టెలో పళ్ళకడ్డీయు చిన్న పళ్ళచక్రమును ఉండవచ్చును. లేదా మరచుట్టును గుండ్లును ఉండవచ్చును. ఏదైనను ఈ రెండవ కడ్డీ తప్పదు. దీనిని నడిమి షాఫ్టు అందము. షెడ్డులో 'స్టీరింగు రాడ్డు' అనియే అందురు. స్టీరింగును 'చుక్కాని' యని తెలుగు చేయవలెనని ఒక మిత్రుడు మాకు సూచించెను. పడవకు ఆ మాట అందముగానే ఉన్నది గాని, గూళూరు షెడ్డులో చుక్కాని కడ్డీ తెమ్మన్నచో ఎవడును లేవడు. కావున వాడుకలోనున్న మాటలనే మేమును వాడుచున్నాము.

నడిమి షాఫ్టు తిన్నగా పోవుటకు వీలు లేదు. డ్రైవరు కూర్చుండు చోటు వేరు, పెట్టె ఉన్న చోటు వేరు, నడుమ ఇంజను అడ్డము. కావున దారి రెండుచోట్ల వంగవలెను, వంగియు తిరుగవలెను. ఇందుకై రెండు కొనలందును యూనివర్సల్ జాయింట్లు అమర్చుదురు. ఒక్కొక్క జాయింటులో నాలుగు కొమ్మలుగల చిన్న ఉక్కు శిలువ యుండును. ఎదురెదురుగానున్న రెండు కొమ్మలను ఒక కడ్డీ చెవులు పట్టుకొనును. తక్కిన రెండింటిని రెండవ కడ్డీ చెవులు పట్టుకొనును. ప్రతి కొమ్మకును ఒక చిన్న గిన్నె, ఆ గిన్నెలో సూదులవంటి సన్నని బేరింగులు, వానికి గ్రీసు. 16వ శతాబ్దమున ఇటలీలో జీవించిన గణితవేత్త కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ పేరును దీనికి వాడుదురు. సాగుదలను గూర్చిన సూత్రముచే మీకు తెలిసిన హుక్ ఇతడే. సూర్యుని చూచు పరికరములను గూర్చి 1676లో అతడు ప్రకటించిన గ్రంథమున ఈ కీలును వర్ణించెను. ఆకాశమును చూచుటకు పనికివచ్చిన కీలు టమాటా బండికిని పనికివచ్చినది!

ఇదిగాక ఆ షాఫ్టు సాధారణముగా ఒకదానిలో ఒకటి జారు రెండు ముక్కలుగా ఉండును. చట్రముమీద క్యాబిను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక గుంటలలో బండి ఊగినపుడు రెండింటి నడుమ దూరము కొంచెము మారును. ఆ మార్పును జారు ముక్కలు సర్దుకొనును. ఈ జారుడు ఉన్నందుననే షాఫ్టును కుదించి బయటికి తీయుటకును వీలగును. తుప్పు పట్టినచో కీలు వంగదు, ముక్కలు జారవు. రెండు గుణములును ఒక్కసారిగా నశించును.

ఇప్పుడు 'రెండుసార్లు' అన్న మాటకు వత్తము. శిలువలో ఒక అడ్డము బిగిసిపోయి రెండవది కదలుచున్నదనుకొనుడు. ఒక చుట్టులో బిగిసిన అడ్డము వంపునకు ఎదురుగా రెండుసార్లు వచ్చును, అప్పుడు పట్టుకొనును. తక్కినపుడు తేలికగా పోవును. టైర్లలో గాలి తక్కువైనను, పవరు స్టీరింగు నూనె తగ్గినను కూడ చేయి బరువగును గాని, ఆ బరువు చుట్టంతయు సమముగా ఉండును. మెకానిక్కు ముందరి చక్రములను జాకీతో ఎత్తించి, ఒక బాలుని లోపల కూర్చుండబెట్టి నెమ్మదిగా త్రిప్పించెను. తక్కినవారము క్రిందినుండి టార్చి వెలుతురున చూచితిమి. పై కీలు బాగుగనే వంగుచుండెను. క్రింది కీలు వంగుటకు మారుగా మొత్తము కడ్డీయే ప్రక్కకు ఊగుచుండెను. కీలు చుట్టును ఇటుకపొడివంటి ఎఱ్ఱని ధూళి.

యజమాని ఇంకొక మాటయు చెప్పెను: మలుపు తిరిగిన తరువాత చక్రము తనంతట తాను నడిమికి తిరిగిరాక, చేతితో త్రిప్పుకొనవలసి వచ్చుచున్నదట. ఇది చాల కాలముగా ఉన్నదని అతడే ఒప్పుకొనెను. మంచి బండిలో ముందరి చక్రముల అమరికవలన స్టీరింగు మలుపు చివర తానే సరియగును. అట్లు కానిచో ఎచటనో రాపిడి పెరిగినదని అర్థము. పిల్లలు సైకిలును రెండు చేతులు విడిచి తొక్కుదురు గదా (తొక్కరాదని మేము చెప్పినను). ఆ పని సాధ్యమగుటకును ఇట్టి అమరిక కొంత కారణమే.

బిగుతునకు పొరుగుననే వదులు ఉండును. అరిగిన కీలులో మొదట ఆట పుట్టును, అనగా చక్రమును కొంచెము కదపినను ముందరి చక్రములకు ఆ సంగతి తెలియకపోవుట. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 98వ నియమము ప్రకారము ఈ ఆట స్టీరింగు చక్రముమీద 30 డిగ్రీలకు మించరాదు. మా పిల్లలచేత షెడ్డులోనే లెక్క కట్టించితిమి. చక్రము వ్యాసము 40 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత 125.6 సెంటీమీటర్లు, 30 డిగ్రీలు అందులో పండ్రెండవ వంతు, అనగా దాదాపు పదిన్నర సెంటీమీటర్లు. జానెడులో సగమునకు మించి చేయి కదలినను బండి కదలకున్నచో అది చట్టము కూడ ఒప్పుకొనని బండి. మా అభిప్రాయమున అందులో సగమున్నప్పుడే షెడ్డునకు పోవుట మంచిది.

మన సీమ వానలకు ముఖము వాచినది. చిత్రావతిలో నీరు పారిన దినములు లెక్కపెట్టుకొనదగినవి. అట్టిచోట ఇంత తుప్పు ఎట్లు వచ్చెనని ఒక బాలిక అడిగెను. మంచి ప్రశ్న. విచారింపగా ఆ బండి సముద్రతీరమున కొన్ని సంవత్సరములు చేపలను మోసినదనియు, తరువాత ఇతడు పాతదిగా కొన్నాడనియు తెలిసెను. చేపల పెట్టెలనుండి కారు ఉప్పునీరు, మంచు కరిగిన నీరు, సముద్రపు గాలి, మూడును కలిసి పని మొదలుపెట్టినవి. ఇచటికి వచ్చిన తరువాత అదే బండిలో పొటాషు ఎరువు బస్తాలు, కోళ్ళ ఎరువు తోలిరి. పొటాషు ఎరువనగా చాలవరకు పొటాషియం క్లోరైడే. ఉప్పులోనున్న క్లోరైడే అందులోను కలదు. క్లోరైడు ఇనుముపైనున్న సన్నని రక్షణపొరను చీల్చును. తడిలో విద్యుత్తు సులభముగా ప్రవహించునట్లు చేయును. తుప్పు ఒక విద్యుద్రసాయన క్రియ గనుక దానికి ఇంతకంటె సహాయము అక్కరలేదు. అమెరికాలోని ఉత్తర రాష్ట్రములలోను కెనడాలోను చలికాలమున రోడ్లపై మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. అచట నివసించు మన తెలుగువారి బండ్లకును ఇదే రోగము వచ్చుచుండును. ఎడారివంటి ఎండలో కూడ ఆ ఉప్పు షాఫ్టు కీలులో దాగి, బండిని కడిగిన ప్రతిసారియు మేలుకొనుచుండును.

ఢిల్లీలోని ఇనుప స్తంభము 1600 సంవత్సరములనుండి నిలిచియున్నది గదా యని పిల్లలు ప్రతిసారియు అడుగుదురు. ఆ ఇనుములో ఫాస్ఫరసు ఎక్కువ. దానివలన ఉపరితలమున ఒక రక్షణపొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యంగారు పరిశోధించి చెప్పిరి. బండి షాఫ్టు ఉక్కు అట్టిది కాదు.

ఇనుమును తినిన తుప్పు, తాను తినిన ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటును ఆక్రమించును. పాత మిద్దెలలో కప్పు పెచ్చులూడి లోపలి కమ్ములు కనబడుట మీరు చూచియుందురు. కమ్మి తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటునే పగులగొట్టినది. షాఫ్టు కొనలోని సన్నని పళ్ళ నడుమ అదే ఉబ్బు జరుగును. అచట పగులుటకు కాంక్రీటు లేదు. కావున రెండు ఉక్కు ముక్కలు ఒకటిగా బిగిసికొనిపోవును. కన్నడమున 'తుక్కు' అనగా తుప్పు. మన తెలుగున తుక్కు అనగా పారవేయదగిన పాత ఇనుము. సరిహద్దు సీమలో పుట్టిన మా మెకానిక్కు "తుక్కు పట్టింది సార్" అన్నపుడు ఏ భాషలో అన్నాడో మాకు తెలియలేదు. రెండు భాషలలోను నిజమే.

ఇచట ఒక వివాదము వచ్చెను. యజమానికి ఆ రాత్రి టమాటా ఎత్తవలసియుండెను.

"కాయ కోసి పెట్టినారు అయ్యవారూ. రాత్రికి ఎత్తకపోతే పొద్దున చింతామణిలో పాటకి అందదు. ఏదో నూనె పోసి ఇడిసిపెట్టమని మీరైనా చెప్పండి."

"నూనె పోస్తే ఈ పొద్దుకి తిరుగుతాది అన్నా. లోడుతో ఏ మలుపులోనో మళ్ళా పట్టుకుంటే ఎవరు దిక్కు?" అని మెకానిక్కు.

యజమాని వెల్డింగు మాట ఎత్తెను, గుజరీ అంగడినుండి పాత షాఫ్టు తెత్తుననెను. రెండింటికిని మెకానిక్కు తల అడ్డముగా త్రిప్పెను. అతడు చేసినది సరియని మా నమ్మకము. వెల్డింగు వేడికి ఉక్కు గుణము మారును. అతుకు ప్రక్కన పెళుసై, కనబడని పగులు పుట్టవచ్చును. గుజరీ షాఫ్టు ఎన్ని దెబ్బలు తినినదో ఎవరికి తెలియును? తలుపు గడియకైనచో పాత ఇనుము చాలును. కాని యజమాని మాటను తేలికగా తీసివేయుటకు మాకు మనసు రాలేదు. ఒక రాత్రి బాడుగ పోవుట అతనికి చిన్న నష్టము కాదు. చివరకు అతని బంధువు బండికి ఆ పెట్టెలను ఒప్పగించిరి. బాడుగ వారికి పోయెను. క్రొత్త షాఫ్టు బాగేపల్లిలో దొరకలేదు. చిక్కబళ్ళాపురమునుండి సోమవారము రావలెను. బండి రెండు దినములు కదలకుండుటకు యజమాని ఒప్పుకొనెను, సంతోషముతో కాదు.

విప్పుట ఆ సాయంకాలమే మొదలయ్యెను. బండిని చదునైన చోట నిలిపి, వెనుక చక్రములకు రెండు వైపులను కొయ్యదిమ్మెలు పెట్టిరి. ముందు భాగమును జాకీతో ఎత్తి ఇనుప స్టాండ్లపై దింపిరి. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. లోపల బోలుగానుండు సిమెంటు ఇటుకలను స్టాండ్లుగా పెట్టు అలవాటు కొన్నిచోట్ల చూచితిమి. అవి ముందు చెప్పకయే పగులును. తరువాత బ్యాటరీ ఋణధ్రువపు తీగెను తీసిరి. గాలిసంచి గల బండ్లలో ఈ పని తప్పనిసరి. తీసిన తరువాత కొన్ని నిమిషములు ఆగవలెను కూడ.

చక్రములను తిన్నగా నిలిపి, స్టీరింగు చక్రమును త్రాడుతో సీటునకు కట్టిరి. షాఫ్టు ఊడిన తరువాత స్టీరింగు చక్రమునకు అడ్డు ఉండదు. ఎవరైన ఆటకు త్రిప్పినచో నడిమి స్థానము తప్పిపోవును. గాలిసంచి ఉన్న బండ్లలో చక్రము వెనుక చుట్టుగా నుండు పట్టీతీగె తెగిపోవును. ఈ త్రాడు కట్టక చేసిన తప్పును తరువాత దిద్దుటకు పట్టు కాలము త్రాడు కట్టుటకు పట్టు కాలమునకు నూరు రెట్లుండును.

ఇక గుర్తు. షాఫ్టునకును దానిని పట్టుకొనిన కప్పునకును కలిపి ఒక తెల్లని గీత గీయవలెను. పై కొనను ఒకటి, క్రింది కొనను ఒకటి, జారు ముక్కల నడుమ ఒకటి. షెడ్డులో రంగు ఎండిపోయియుండెను. ఒక బాలిక తన సంచిలోనుండి వైట్‌నరు తీసి ఇచ్చెను. ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చి, గీతలు గీసి, పైన నూనె చిమ్మిరి. ఆ డబ్బామీది డబ్ల్యూ డి 40 అను పేరునకు అర్థమేమని పిల్లలు అడిగిరి. 1953లో అమెరికాలోని శాన్ డియేగో నగరమున నీటిని తొలగించు ద్రవమును తయారుచేయ యత్నించి, నలుబదవ ప్రయత్నమున సఫలులైరనియు, క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండ దానిని వాడిరనియు చెప్పితిమి. ఆ డబ్బా లేనపుడు డీజిలును కిరోసినును మన మెకానిక్కులు వాడుదురు. ఏది వాడినను కాలము కావలెను. తుప్పు పొరలో వెండ్రుకంత సందులగుండ నూనె లోపలికి ఇంకవలెను. ఒక గంట ఆగి, టీ త్రాగి, మరల నూనె వేసిరి. తొందరపడువాడు ఇచటనే బోల్టు విరుగగొట్టును.

బిగింపు బోల్టును విప్పునపుడు మెకానిక్కు మొదట వెంట్రుకవాసి బిగించి, తరువాత వదులు చేసెను. పిల్లలకు ఇది తలక్రిందుగా తోచెను. బిగింపు వైపు కొంచెము కదలినను తుప్పు పొర పగులును. పగిలిన తరువాత రెండు వైపులకును త్రోవ దొరకును. వాడిన సాకెట్టు ఆరు ముఖములది. పండ్రెండు మూలల సాకెట్టు తుప్పు తినిన తలను గుండ్రము చేసి జారిపోవును. బోల్టును వదులు చేయుట చాలదు. పూర్తిగా బయటికి లాగవలెను. ఎందుకనగా షాఫ్టు కొనలో అడ్డముగా ఒక గాడి యుండును. బోల్టు ఆ గాడిలోనుండి పోవును. బోల్టు లోపల ఉండగా ఎంత లాగినను షాఫ్టు రాదు. ఈ గాడిని గుర్తుంచుకొనుడు; సోమవారము దీనితో పని యున్నది.

పై కొన ఊడెను. క్రింది కొన రాలేదు. కప్పు చీలికలో సన్నని ఉలిని పెట్టి మెల్లగా తట్టి కొంచెము వెడల్పు చేసెను; రాలేదు. పెద్ద సుత్తితో నిలువునా కొట్టవచ్చును గదా యని ఒక బాలుడు అడిగెను. కొట్టరాదు. ఆ దెబ్బ క్రిందివైపు పెట్టెలోని బేరింగులకును, పైవైపు స్టీరింగు స్తంభమునకును తగులును. ఒకప్పుడు స్టీరింగు స్తంభము ఒకే గట్టి కడ్డీగా ఉండెడిది. బండి ఢీకొన్నపుడు అది ఈటెవలె డ్రైవరు రొమ్మునకు వచ్చుచుండెను. అమెరికాలో 1968 జనవరి 1 నుండి కార్లకు వర్తించిన భద్రతా ప్రమాణములవలన, దెబ్బకు తానే కుదించుకొనిపోవు స్తంభములు వ్యాపించినవి. కుదింపునకై పెట్టిన సున్నితపు భాగములు సుత్తి దెబ్బకు విరిగినచో, ప్రమాదమున డ్రైవరును కాపాడుటకు ఏమియు మిగులదు. గ్యాసు మంటను గూడ మెకానిక్కు దరిజేరనీయలేదు. ప్రక్కనే బ్రేకు గొట్టమును, రబ్బరు తొడుగును ఉన్నవి.

అతడు చేసినది ఇది: స్తంభమును క్యాబినులో పట్టియున్న బోల్టులను వదులు చేసి, దానిని రెండు వ్రేళ్ళంత వెనుకకు జరిపెను. చోటు దొరకినది. మరల నూనె, మరల ఉలి, ఇటునటు చిన్నచిన్న కదలికలు. దీపాలవేళ దాటిన తరువాత చిన్న చప్పుడుతో షాఫ్టు చేతికి వచ్చెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. యజమాని కొట్టలేదు, ఆ పాత బోల్టును చేతిలో పట్టుకొని చూచుచుండెను. దాని నడుము సగము తినబడి, చీమ నడుమువలె ఉండెను. తలపై అంకెలును లేవు. ఇట్టి చోట వాడు బోల్టు తలపై 8.8 వంటి గుర్తు ఉండవలెను. మొదటి 8 అనగా తెగు బలము 800 మెగాపాస్కలులనియు, రెండవ అంకె అనగా అందులో 0.8 వంతు, 640 మెగాపాస్కలుల వరకు సాగిపోక నిలుచుననియు అర్థము. ఇంతకు పూర్వమెవరో గుమ్మము బిగించు బోల్టువంటిదానిని దీనికి పెట్టియుండిరి. దానిమీద ఎన్ని పెట్టెలు, ఎందరు మనుష్యులు చింతామణికి పోయివచ్చిరో!

సోమవారము బడి విడిచిన తరువాత అందరమును మరల కూడితిమి. పాత క్రొత్త షాఫ్టులను ప్రక్కప్రక్కన పెట్టి పొడవు, పళ్ళ సంఖ్య, గాడి స్థానము సరిచూచిరి. ఆ తరువాత చెవుల దిశ. ఇదియే ఈ పాఠమున కఠినభాగము.

ఒక్క యూనివర్సల్ జాయింటు వేగమును సమముగా అందింపదు. వంపు కోణము 30 డిగ్రీలైనచో, 30 డిగ్రీల కొసైను 0.866. మొదటి కడ్డీ సమవేగముతో తిరుగుచున్నను, రెండవది ఒక చుట్టులో రెండుసార్లు 0.866 వంతు వేగమునకు తగ్గును, రెండుసార్లు 1.155 రెట్లకు పెరుగును. రెండవ జాయింటు అదే కోణమున వంగి, షాఫ్టు రెండు కొనల చెవులును ఒకే తలమున ఉన్నచో, మొదటిది చేసిన హెచ్చుతగ్గును రెండవది సరిచేయును. చెవులు 90 డిగ్రీలు తప్పినచో సరిచేయుటకు మారుగా రెట్టింపు చేయును. క్రొత్త షాఫ్టు వేసినను స్టీరింగు ఒకచోట బరువు, ఒకచోట తేలికగా ఉండును. కొన్ని బండ్లలో కడ్డీలు ఒకే తలమున లేనందున తయారుచేయువారే కావలెనని కొంత మలుపు పెట్టుదురు. కావున ఊహ పనికిరాదు. పాత గుర్తుల ప్రకారమే పోవలెను. ఒక పన్ను తప్పిన ఏమని ప్రశ్న. కొనకు 36 పళ్ళున్నవనుకొనుడు; ఒక్క పన్ను తప్పిన స్టీరింగు చక్రము 10 డిగ్రీలు వంకరగా నిలుచును.

కప్పులోని తుప్పును బ్రష్షుతో శుభ్రపరచి, పళ్ళకు పలుచగా గ్రీసు పూసి, పని నేర్చుకొను కుర్రవాడు షాఫ్టును ఎక్కించెను. బోల్టు దూర్చెను, సులభముగా పోయెను, బిగించెను. మెకానిక్కు మా పిల్లలలో ఒకనిని పిలిచి, "లాగి చూడు" అనెను. వాడు రెండు చేతులతో లాగెను. షాఫ్టు ఊడి చేతికి వచ్చెను!

జరిగినది ఇది: షాఫ్టు కొన ఒక వ్రేలి వెడల్పు లోపలికి తక్కువగా పోయినది. గాడి బోల్టు రంధ్రమునకు ఎదురుగా రాలేదు. బోల్టు షాఫ్టు కొనకు అవతల ఖాళీలోనుండి పోయినది. పైనుండి చూచినచో బోల్టు ఉన్నది, బిగింపు ఉన్నది, అంతయు సరిగానే ఉన్నది. పట్టియుండినది కొంచెపు రాపిడి మాత్రమే. ఇట్లే రోడ్డుమీదికి పోయియుండినచో ఏమగునని ఆ వైట్‌నరు బాలిక అడిగెను. కొన్ని దినములు బాగుగనే నడచుననియు, ఒక గుంటలో షాఫ్టు జారుననియు, ఆ తరువాత స్టీరింగు చక్రము బొంగరమువలె చేతిలో ఊరక తిరుగుననియు మెకానిక్కు చెప్పెను. ఆ పిల్ల తల్లియు పికప్పులో కూలికి పోవునదియే.

కుర్రవానిని అతడు కోపపడలేదు, మరల ఎక్కింపుమనెను. ఈసారి గాడి రంధ్రములో కనబడువరకు టార్చితో చూచి, బోల్టును వ్రేళ్ళతోనే దూర్చి, అది గాడి అంచును రాచుకొని పోవుట ఒక్కొక్క పిల్లవానికిని చూపించెను. మరల ముగ్గురు లాగిరి, కదలలేదు. బోల్టు క్రొత్తది, 8.8 గుర్తు గలది. బిగింపు తయారీదారుని పుస్తకమున చెప్పినంత ఉండవలెను. 25 న్యూటను మీటర్లని యున్నదనుకొనుడు. పావు మీటరు పొడవుగల పానాతో 100 న్యూటనుల బలము, అనగా సుమారు 10 కిలోల బరువంత బలము, చాలును. పానాకు గొట్టము తగిలించి వ్రేలాడుటవలన బలము రాదు, బోల్టు సాగును.

పిమ్మట స్తంభపు బోల్టులను బిగించి, త్రాడు విప్పి, బ్యాటరీ తీగె తగిలించి, చక్రములు నేలకు తాకకముందే స్టీరింగును ఒక చివరనుండి రెండవ చివరకు త్రిప్పి చూచిరి. నడిమినుండి రెండు వైపులకును చుట్ల లెక్క సమముగా వచ్చెను. షాఫ్టు ఏ గొట్టమునకును తగులలేదు. రేకు గోడవద్ద చినిగిన రబ్బరు తొడుగును కూడ మార్చిరి. నీరు కారినది ఆ చిరుగునుండియే. తరువాత ఖాళీ మైదానమున నడకవేగముతో బండిని త్రిప్పిరి. మలుపు చివర చక్రము తానే నడిమికి వచ్చెను. యజమాని మొగమున అప్పుడు నవ్వు కనబడెను.

ఈ పనిని మీరు ఇంటివద్ద ప్రయత్నింపుడని మేము వ్రాయుటలేదు. చూచి, ప్రశ్నించి, లెక్కకట్టుటకే మిమ్ము అచటికి తీసికొనిపోయితిమి.

వారము తరువాత బోల్టును మరల పరీక్షించుటకు బండి షెడ్డునకు వచ్చినపుడు ఆ దారిన పోవు పిల్లలు నలుగురు వంగి చూచి వచ్చి, క్రొత్తగా గీసిన తెల్లగీతలు ఎదురెదురుగానే ఉన్నవని మాకు చెప్పిరి. పాత షాఫ్టును యజమాని మా పాఠశాలకు ఇచ్చెను. ప్రయోగశాలలో మేజాబల్లకు బిగించి, ఒక కొనకు కోణమానిని కట్టి, పై కీలుతో వేగపు హెచ్చుతగ్గులను తొమ్మిదవ తరగతివారు కొలుచుచున్నారు. క్రింది కీలు ఒక వైపునకు కదలును. రెండవ వైపునకు ఇప్పటికిని కదలదు.